దారి ఖర్చు ఎవరి సొమ్ము?
— ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రయాణపు వ్యయం, నేటి ఆదాయపు పన్ను —

స్వంతంగా వృత్తి గాని వ్యాపారం గాని చేసుకునే వారికి ఏటా ఆదాయపు పన్ను రిటర్ను వ్రాసే వేళ ఒక ప్రశ్న ఎదురవుతుంది. సంవత్సరమంతా తిరిగిన తిరుగుడులో ఎంత వ్యాపారం కోసం, ఎంత తన కోసం? సరుకు కొనడానికి సూరత్ వెళ్ళిన బట్టల వ్యాపారి అక్కడ తిన్న భోజనం వ్యాపారపు ఖర్చేనా? ఇంటి నుండి రోజూ ఆఫీసుకు వెళ్ళే న్యాయవాది పెట్రోలు మాటేమిటి? దారిలో మేనమామ ఇంట పెండ్లికి కూడా హాజరై వస్తే ఆ రైలు టిక్కెట్టు ఏ పద్దులో వ్రాయాలి?

ఇది ఇంగ్లీషు వారి చట్టంతో పుట్టిన చిక్కు అనీ, మన పూర్వ గ్రంథాలకు దీనితో పని లేదనీ చాలామంది అనుకుంటారు. నిజానికి పన్నెండు వందల సంవత్సరాల క్రితమే మదీనాలోను, కూఫాలోను ఈ ప్రశ్న అడిగారు. జవాబులు కూడా ఆశ్చర్యపడేటంత వివరంగా వ్రాసి పెట్టారు. అయితే ఆ జవాబులను పన్నుల అధ్యాయంలో వెదికితే దొరకవు. ఎందుకు దొరకవో ముందు చూడాలి. చర్చకు మూలం అక్కడే ఉన్నది.

వర్తకపు సరుకు మీద జకాత్ అనేది ఆదాయం మీద వేసేది కాదు. సంవత్సరం నిండిన నాటికి చేతిలో మిగిలి ఉన్న సొత్తు మీద నలభయ్యవ వంతు చెల్లించేది. వర్తకుడు బస్రా వెళ్ళి వచ్చేందుకు ముప్పై దిర్హములు ఖర్చు పెట్టి ఉంటే ఆ ముప్పై అతని చేతిలో లేవు. లేని దానిపై జకాత్ లేదు. కనుక “ఈ ఖర్చును మినహాయించండి” అని అడగవలసిన అవసరమే అతనికి రాలేదు. లాభాన్ని లెక్క కట్టి ఆ లాభంలో వంతు కోరే పన్నులోనే ఖర్చును గురించిన వాదులాట పుడుతుంది.

పంట మీద తీసుకునే ఉషర్ విషయం వేరు. అది వచ్చిన పంటలో వంతు. అందుచేత అక్కడ ఖర్చు ప్రశ్న తలెత్తింది. దైవప్రవక్త (స) వాన నీటితో, ఊట నీటితో పండిన పంటకు పదవ వంతు, నీరు తోడి పోసి పండించిన దానికి ఇరవయ్యవ వంతు నిర్ణయించారు. మన వైపు మాటలో చెప్పాలంటే మెట్ట పైరుకు ఒక రేటు, మోట కట్టి పండించిన పైరుకు అందులో సగం. మరి కూలీల కూలి, ఎద్దుల మేత విడిగా తీసివేసి మిగతా దానిపై లెక్క కట్టాలా? అక్కరలేదని హనఫీ పండితుల తీర్పు. శ్రమను బట్టి వంతునే తగ్గించినప్పుడు ఖర్చు అందులోనే లెక్కకు వచ్చేసిందని వారి హేతువు.

అయితే అందరూ అలా అనలేదు. హిజ్రీ 203 (818)లో మరణించిన యహ్యా బిన్ ఆదమ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఒక చిన్న ఉల్లేఖనం చేర్చారు. ఒక రైతు అప్పు చేసి కొంత తన తోట మీద, కొంత తన ఇంటిల్లిపాది మీద ఖర్చు పెట్టాడు. పంట చేతికి వచ్చింది. ఏం చేయాలి? మొత్తం అప్పు తీర్చి మిగిలిన దానిపై జకాత్ ఇవ్వాలని అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) అన్నారు. కాదు, తోట మీద పెట్టిన ఖర్చు మాత్రమే తీసివేసి మిగిలిన దానిపై ఇవ్వాలని అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి) అన్నారు. ఉల్లేఖనం అంతే, రెండు మూడు పంక్తులు. కాని వృత్తి కోసం పెట్టిన ఖర్చునూ, ఇంటి కోసం పెట్టిన ఖర్చునూ విడదీసే గీత ఇందులో స్పష్టంగా కనిపిస్తున్నది. నేడు ఏ ఆదాయపు పన్ను అధికారి అయినా ఇబ్ను అబ్బాస్ (రజి) పక్షమే వహిస్తాడని వేరే చెప్పనక్కరలేదు.

దారిన పోయే వర్తకుని వద్ద సుంకం వసూలు చేసే ఏర్పాటు హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగింది. ముస్లిం వర్తకుల నుండి రెండున్నర శాతం, రాజ్యంలోని ముస్లిమేతరుల నుండి ఐదు శాతం, పరాయి రాజ్యాల వర్తకుల నుండి పది శాతం. ఈ చివరిది, ఆ రాజ్యాలలో ముస్లిం వర్తకుల నుండి అంతే తీసుకుంటున్నారని అబూ మూసా అష్అరీ (రజి) వ్రాసిన మీదట పెట్టినది. రెండు వందల దిర్హముల లోపు సరుకుకు సుంకం లేదు. సరుకుకు సరిపడే అప్పు ఉన్నదని గాని, సొత్తు చేతికి వచ్చి ఇంకా సంవత్సరం నిండలేదని గాని ముస్లిం వర్తకుడు ప్రమాణం చేసి చెబితే అతని మాట నమ్మాలని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. రశీదులు, బిల్లులు లేని కాలంలో ప్రమాణమే ఓచరు.

ఈ సుంకం గురించి ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి. 182/798) ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఒక ఉదంతం ఉన్నది. తగ్లిబ్ తెగకు చెందిన ఒక క్రైస్తవ అరబ్బు గుర్రంతో సుంకం అధికారి జియాద్ బిన్ హుదైర్ ముందుకు వచ్చాడు. గుర్రం వెల ఇరవై వేల దిర్హములని కట్టారు. అతను వెయ్యి చెల్లించి పోయాడు. అదే సంవత్సరం తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే దారిన వస్తే జియాద్ మళ్ళీ వెయ్యి అడిగాడు. వచ్చినప్పుడల్లా వెయ్యేనా అని అడిగితే అవునన్నాడు. ఆ మనిషి నేరుగా హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు పోయి మొర పెట్టుకున్నాడు. ఆయన నీ పని అయినట్లే అన్న అర్థం వచ్చే ఒక్క మాట అని ఊరుకున్నారు. ఏమీ జరగలేదనుకుని ఆ వర్తకుడు రెండవ వెయ్యి చెల్లించడానికి సిద్ధపడి తిరిగి వచ్చేసరికి, ఖలీఫా ఉత్తరం అతనికంటే ముందే అక్కడికి చేరి ఉన్నది. ఒకసారి తీసుకున్న వారి నుండి మరుసటి సంవత్సరం అదే దినం వరకు ఏమీ తీసుకోరాదు, సరుకు పెరిగి ఉంటే తప్ప. ఈ ఉత్తరం వ్రాసిన వాని ధర్మమే నా ధర్మమని ఆ మనిషి ప్రకటించినట్లు ఉల్లేఖనం ముగుస్తుంది.

ప్రయాణం ఎన్నిసార్లు చేసినా పన్ను ప్రయాణం మీద కాదు, సొత్తు మీద అన్నది ఇందులోని సూత్రం. వర్తకుని కాళ్ళకు పన్ను వేస్తే వర్తకమే ఉండదు.

ఇక అసలు చర్చ ఉన్న చోటికి వద్దాము. ఒకరు పెట్టుబడి ఇస్తారు. మరొకరు దానితో వ్యాపారం చేస్తారు. లాభం ముందుగా ఒప్పుకున్న వంతుల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడిదారునిది, పని చేసిన వాని శ్రమ వృథా. దీనిని కూఫా వారు ముజారబత్ అన్నారు, మదీనా వారు ఖిరాజ్ అన్నారు. ఇస్లాంకు పూర్వం నుండే మక్కా వర్తకులలో ఉన్న ఆచారమిది. హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో దైవప్రవక్త (స) సిరియా వెళ్ళి వచ్చిన సంగతి అందరూ ఎరిగినదే. ముజారిబ్, అంటే పని చేసేవాడు, జీతగాడు కాదు. యజమాని కూడా కాదు. నేటి మాటలో స్వయం ఉపాధి పొందేవానికి బాగా దగ్గరి వాడు. లాభంలో మరొకరికి వంతు ఉన్నది కనుక అతను దారిలో తిన్న ప్రతి ముద్దా ఆ మరొకరి వంతును తగ్గిస్తుంది. ప్రయాణపు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ సహజంగా లేచింది.

ఇమామ్ మాలిక్ (మరణం హి. 179/795) ముఅత్తాలో ఈ ఖర్చుకే విడిగా శీర్షికలు పెట్టారు. పెట్టుబడి తీసుకుని ప్రయాణమై పోయినవాడు, ఆ పెట్టుబడి ఖర్చును భరించగలిగినంత పెద్దదైతే, దానిలో నుండి లోకమర్యాదను బట్టి తినవచ్చు, బట్టలు కొనుక్కోవచ్చు. పని ఒక్కడి వల్ల కాకపోతే మనిషిని పెట్టుకోవచ్చు. కాని తన ఇంట, తన వారి మధ్య ఉన్నంతసేపు తిండి గాని బట్ట గాని ఆ సొమ్ములో నుండి తీయరాదు. ఆ పెట్టుబడితో పాటు తన స్వంత సొమ్ము కూడా వెంట తీసుకుని బయలుదేరితే? ఖర్చును రెండు సొమ్ముల పరిమాణాన్ని బట్టి పంచాలి. ఉదాహరణకు ఇతరుల సొమ్ము తొమ్మిది వందలు, తనది మూడు వందలు అయితే ఖర్చులో నాలుగవ వంతు తన నెత్తిన వేసుకోవాలన్న మాట.

విందుల విషయం కూడా ఆయన వదలలేదు. ముజారిబ్ ఆ సొమ్ములో నుండి ఎవరికీ కానుకలు ఇవ్వరాదు, యాచకునికి దానం కూడా ఇవ్వరాదు. పుణ్యం చేయాలంటే స్వంత జేబు ఉండనే ఉన్నది. ప్రయాణంలో నలుగురు కలిసి ఎవరి తిండి వారు తెచ్చి కలిపి తింటే తప్పు లేదు, ఇతరులకంటే ఎక్కువ పెట్టి పేరు తెచ్చుకోవాలన్న ఉద్దేశం లేనంతవరకు. అలా ఎక్కువ పెడితే పెట్టుబడిదారుని వద్దకు పోయి మాఫీ అడగాలి. అతను ఒప్పుకోకపోతే అంతా తిరిగి ఇచ్చుకోవాలి. కంపెనీ ఖర్చుతో హోటళ్ళలో విందులు చేసి వ్యాపారాభివృద్ధి అని వ్రాసుకునే వారు ఈ ప్రకరణం ఒకసారి చదవవలసినది.

మదీనా ఇమాము సూత్రం చెప్పి ఊరుకోగా, కూఫా వారు దానిని ఎన్నో సందర్భాలకు అన్వయించి చూశారు. ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మరణం హి. 189/805) సేకరించిన చట్ట వివరాలను మూడు శతాబ్దాల తరువాత ఇమామ్ సరఖ్సీ మబ్సూత్ అనే బృహద్గ్రంథంలో విస్తరించారు. ఆ గ్రంథంలో చాలా భాగం ఆయన ఉజ్గంద్ చెరలో ఉండి శిష్యులకు చెప్పి వ్రాయించినది. ఇంకొక శతాబ్దానికి మర్గీనానీ (మరణం హి. 593/1197) హిదాయాలో దానికి సారం తీశారు. హిదాయా మన దేశపు మదర్సాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథం. వారన్ హేస్టింగ్స్ ఆదేశంపై ఛార్లెస్ హామిల్టన్ చేసిన దాని ఇంగ్లీషు అనువాదం 1791లో అచ్చయి బ్రిటిష్ కోర్టులలో చెల్లుబాటయింది.

హనఫీల నియమం స్థూలంగా ఇది. స్వంత ఊరిలో వ్యాపారం చేస్తే ఖర్చు తనది. ప్రయాణమైతే తిండి, నీరు, బట్ట, ఎక్కే వాహనం పెట్టుబడి నుండి. ఎందుకు? ఇక్కడే వారు ఒక ముఖ్యమైన మాట వాడారు: ఇహ్తిబాస్, అనగా ఒకరి పనికి కట్టుబడి ఉండటం. ఖాజీ ప్రజల పనికి కట్టుబడి ఉన్నాడు కనుక అతని పోషణ ప్రజాధనం నుండి. భార్య భర్త ఇంటికి కట్టుబడి ఉన్నది కనుక ఆమె పోషణ భర్తది. ముజారిబ్ ఊరిలో ఉన్నప్పుడు తన కాపురం కోసమే ఉన్నాడు. ప్రయాణంలో ఉన్నప్పుడు మాత్రం ఆ సొమ్ము కోసం ఉన్నాడు. మరి కూలివాడు కూడా కట్టుబడినవాడే కదా అంటే, అతనికి కూలి ఖాయంగా వస్తుంది, ముజారిబ్‌కు రావలసినది వస్తుందో రాదో తెలియని లాభం. అట్టివాడు దారి ఖర్చు కూడా స్వంతంగా పెట్టుకుంటే మునిగిపోతాడు.

ఇక వివరాలు. బట్టలు ఉతికించిన కూలి, సేవకుని జీతం, ఎక్కే జంతువు మేత పెట్టుబడి లెక్కలోనివే. ఒంటికి రాసుకునే నూనె? హిజాజ్ వంటి చోట్ల అది అలవాటుగా అవసరం కనుక అక్కడ చెల్లుతుంది. మందులు? అవి స్వంత ఖర్చని ప్రసిద్ధమైన అభిప్రాయం. తిండి అందరికీ తప్పనిది, జబ్బు ఎప్పుడో వచ్చేది అని కారణం. అయితే మందు లేనిదే వ్యాపారం సాగదు కనుక అది కూడా చేరుతుందని ఇమామ్ అబూ హనీఫా నుండి ఒక ఉల్లేఖనం ఉన్నది. ఈ రెండవదే సబబని ఈ వ్యాసకర్తకు తోస్తున్నది. పరదేశంలో జ్వరంతో పడిన వాని సరుకు ఎవరు అమ్ముతారు? ఊరికి తిరిగి వచ్చాక సంచిలో మిగిలిన తిండి గాని, కొన్న బట్టలు గాని తిరిగి పెట్టుబడిలో చేర్చాలి. వాడుకను మించి ఖర్చు చేస్తే మించినంత తానే ఇచ్చుకోవాలి. లాభం వస్తే ముందుగా ఖర్చయినంత పెట్టుబడిలో పూడ్చి, ఆపైన మిగిలినది పంచుకోవాలి.

ప్రయాణం అంటే ఎంత దూరం? నమాజును కుదించే దూరాన్ని ఇక్కడ కొలతగా పెట్టుకోలేదు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరి తనవారి మధ్య పడుకోగలిగితే అతను ఊరి బజారులో వ్యాపారం చేసేవానితో సమానం, ఖర్చు తనదే. రాత్రికి చేరలేకపోతే ఖర్చు పెట్టుబడిది. పరాయి ఊరిలో పదిహేను రోజులు ఉంటానని నిశ్చయించుకున్నా ఖర్చు ఆగదు, దానిని నివాసంగా చేసుకోనంత వరకు. ఇంకొక చిక్కు: ఒకనికి కూఫాలో ఒక కుటుంబం, బస్రాలో మరొక కుటుంబం. కూఫా నుండి సరుకుతో బస్రా పోయాడు. సరఖ్సీ జవాబు: దారి పొడుగునా పెట్టుబడి నుండి తినవచ్చు, బస్రాలో కాలు పెట్టగానే తన ఖర్చు తనది, మళ్ళీ కూఫా దారి పట్టగానే పెట్టుబడిది. ఊరి సరిహద్దే ఖాతా సరిహద్దు అయింది.

షాఫిఈలు దీనిని అంగీకరించలేదు. ఇమామ్ నవవీ (మరణం హి. 676/1277) మిన్హాజ్‌లో బలమైన అభిప్రాయంగా చెప్పినదాని ప్రకారం ప్రయాణంలో కూడా ముజారిబ్ తన ఖర్చు తానే పెట్టుకోవాలి. అతనికి లాభంలో వంతు ఉన్నది, అంతకుమించి హక్కు లేదు. పైగా లాభం ఖర్చుకు సరిపోయినంతే వస్తే మొత్తం అతనికే పోతుంది. హంబలీలు ముందుగా షరతు పెట్టుకుంటే చెల్లుతుందన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని చిన్నచూపు చూడరాదు. ఖర్చు పేరుతో లాభాన్నంతా మింగివేయవచ్చునన్న భయం నేటి పన్ను అధికారులది కూడా.

హిదాయాలోని మరొక నియమం లెక్కలు వ్రాసేవారికి ఆసక్తి కలిగిస్తుంది. కొన్న ధర చెప్పి దానిపై ఇంత లాభమని అమ్మే మురాబహా పద్ధతిలో ముజారిబ్ సరుకు అమ్మితే, సరుకు రవాణా కూలి వంటివి ధరలో కలుపుకోవచ్చు. తన మీద పెట్టుకున్న ఖర్చు కలపరాదు. వర్తకుల వాడుక అటువంటిదే. సరుకు ప్రయాణం వేరు, వర్తకుని ప్రయాణం వేరు.

సుంకం చావడి వద్ద కూడా ముజారిబ్ ప్రస్తావన ఉన్నది. అతని చేతిలోని సరుకుపై సుంకం తీసుకోవాలని ఇమామ్ అబూ హనీఫా మొదట అన్నారు. తరువాత ఆ మాట ఉపసంహరించుకున్నారు. అతను యజమాని కాదు, యజమాని తరఫున జకాత్ చెల్లించే ప్రతినిధీ కాదు. లాభంలో అతని స్వంత వంతు నిసాబ్‌కు చేరితేనే తీసుకోవాలి.

ఇక్కడి నుండి నేటి పన్నుకు పోవడానికి ముఅత్తాలోనే ఒక వంతెన ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) కుమారులు అబ్దుల్లా, ఉబైదుల్లా సైన్యంతో ఇరాక్ పోయి తిరిగి వస్తుండగా బస్రా అమీరు అబూ మూసా (రజి) మదీనా ఖజానాకు పంపవలసిన సొమ్మును వారికి అప్పుగా ఇచ్చారు. ఇరాక్ సరుకు కొని మదీనాలో అమ్మి, అసలు ఖలీఫాకు అప్పగించి లాభం మీరు ఉంచుకోండి అన్నారు. సైన్యంలో అందరికీ ఇలాగే ఇచ్చారా అని తండ్రి నిలదీశారు. లేదన్నారు. అయితే అసలూ లాభమూ రెండూ పెట్టండన్నారు. అబ్దుల్లా మౌనం వహించారు. సొమ్ము పోయి ఉంటే మేమే ఇచ్చుకునేవాళ్ళం కదా అని ఉబైదుల్లా వాదించారు. చివరికి అక్కడున్న ఒకరి సలహాపై దానిని ఖిరాజ్‌గా ఎంచి, అసలూ సగం లాభమూ ఖజానాకు తీసుకున్నారు. అంటే ప్రజల ఖజానాయే ఇక్కడ పెట్టుబడిదారు, వర్తకుని లాభంలో భాగస్వామి.

ఆదాయపు పన్ను కూడా లాభంలో వంతు అడిగేదే. మన దేశంలో అది 1860లో మొదలయింది. 1961 చట్టం 37(1) సెక్షన్ ప్రకారం ఖర్చు స్వంతానిది గాని, మూలధనపుది గాని కాకుండా, పూర్తిగా, కేవలం వ్యాపారం కోసమే అయి ఉండాలి. ఆ చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేటట్లు 2025లో కొత్త చట్టం చేసినప్పుడు కూడా ఈ సూత్రాన్ని విడువలేదు. “పూర్తిగా, కేవలం” అన్న ఈ మాటలు బ్రిటన్ నుండి వచ్చినవి. అక్కడి కోర్టులు వాటిని ఎలా అన్వయించాయో చూస్తే సరఖ్సీ పుటలు తిరగవేస్తున్నట్లే ఉంటుంది.

1952లో అక్కడి అప్పీలు కోర్టు ముందుకు ఒక బారిస్టరు వచ్చాడు. ఛాంబర్ లండన్‌లోని లింకన్స్ ఇన్‌లో, ఇల్లు దూరాన విప్స్‌నేడ్‌లో. సాయంత్రాలు ఇంటి వద్ద కూడా కేసులు చదువుతాడు కనుక రాకపోకల ఖర్చు వృత్తి ఖర్చేనని అతని వాదన. కోర్టు ఒప్పుకోలేదు. దూరాన కాపురం పెట్టడం అతని ఇష్టం, వృత్తి అవసరం కాదు. రాత్రికి ఇల్లు చేరేవాడు బజారు వర్తకునితో సమానమన్న కూఫా నియమం ఇదే కదా! 1971లో ఈస్ట్‌బోర్న్‌లో ఉండే ఒక తాపీ పనివాని కేసులో అదే కోర్టు ఖర్చును అనుమతించింది. అతనికి స్థిరమైన పనిచోటు లేదు. ఇల్లే అతని వ్యాపార స్థానం, అక్కడి నుండి వేర్వేరు కట్టడాలకు పోతాడు.

తిండి, బట్ట విషయంలో మాత్రం దారులు చీలాయి. పని కోసం ఇంటికి దూరంగా ఉండి మధ్యాహ్నం బయట తిన్న వడ్రంగికి ఆ అదనపు ఖర్చు చెల్లదని 1975లో తీర్పు వచ్చింది. మనిషి పని చేయడానికే కాదు, బ్రతకడానికి కూడా తింటాడట. కోర్టు కోసమే కొన్న నల్ల దుస్తుల ఖర్చు ఒక మహిళా బారిస్టరుకు చెల్లదని 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఒక ఖర్చుకు రెండు ఉద్దేశాలుంటే “కేవలం” అన్న మాట నిలువదని వారి తర్కం. హనఫీ ఫకీహ్ ఇలా ఆలోచించలేదు. మనిషి ఎక్కడైనా తింటాడని అతనికి తెలుసు. ఆ రోజు ఆ మనిషి ఎవరి పనికి కట్టుబడి ఉన్నాడన్నదే అతను అడిగిన ప్రశ్న. నా దృష్టిలో ఈ ప్రశ్నే మేలు. ఉద్దేశం మనసులో ఉంటుంది, కట్టుబాటు దారిలో కనిపిస్తుంది.

కలగలిసిన ఖర్చుకు ఇమామ్ మాలిక్ చెప్పిన పంపకం మాత్రం మన చట్టంలో చోటు చేసుకున్నది. వ్యాపారానికీ ఇంటికీ రెంటికీ వాడే వాహనం వంటి వాటిపై తగిన భాగమే మినహాయించాలని 1961 చట్టం 38వ సెక్షన్. పెండ్లికి పోయి, పనిలో పనిగా ఒక దుకాణదారుని పలకరించి వచ్చి టిక్కెట్టంతా వ్యాపార పద్దులో వ్రాసేవారున్నారు. అందరూ చేసేదే అంటారు. ముఅత్తా ప్రకారం అయితే వారు పెట్టుబడిదారుని గడపకు పోయి మాఫీ అడగాలి. ఖజానా విషయంలో ఆ గడప ఎక్కడున్నదో, కోట్ల మందిలో ఎవరు మాఫీ చేయాలో చెప్పడం కష్టం.

ఈ లెక్కల బాధ తప్పించడానికి 2016లో 1961 చట్టంలో 44ఎడిఎ సెక్షన్ చేర్చారు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్ల వంటి వృత్తుల వారు, మొదట పెట్టిన పరిమితి ప్రకారం వార్షిక రాబడి 50 లక్షలకు మించకపోతే, రాబడిలో సగం ఆదాయమని చూపవచ్చు. ఖర్చుల పుస్తకాలు అక్కరలేదు. అయితే అలా చూపినవారు ఆపైన రైలు టిక్కెట్లు, పెట్రోలు బిల్లులు తెచ్చి వాటిని విడిగా తీసివేయమని అడగడానికి వీలులేదు. మోట కింద పండించిన రైతుకు వంతు సగానికి తగ్గించిన తరువాత ఎద్దుల మేతను మళ్ళీ లెక్కలోకి తీసుకోని హిదాయా కూడా అదే కారణం చెప్పింది.